హేవ్‌లాక్‌లో డైవ్ షాపును ఎంచుకున్న వైనం

కావలి తీరంలో పెరిగినవాడికి సముద్రం కొత్త కాదు గానీ, సముద్రం లోపల ఏముందో చూడటం మాత్రం మా వైపు అయ్యే పని కాదు. తుమ్మలపెంట దగ్గరైనా, ఇంకా దక్షిణాన మైపాడు దగ్గరైనా అడుగంతా ఇసుకే. పెన్న మోసుకొచ్చే ఒండ్రూ ఒడ్డున విరిగే అలలూ కలిసి నీటిని ఎప్పుడూ కలకగానే ఉంచుతాయి. నడుము లోతులో నిలబడితే మన పాదాలు మనకే కనబడవు. పగడపు దిబ్బ పెరగాలంటే నీరు తేటగా ఉండి ఎండ అడుగు దాకా దిగాలి, పగడం అతుక్కోవడానికి గట్టి నేల ఉండాలి. మా తీరంలో ఆ రెండూ లేవు. అందువల్ల నలభై ఆరేళ్ల వయసులో గాలి సిలిండరు తగిలించుకుని నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టినప్పుడు, దాన్ని నేర్పి సముద్రంలోకి దించే డైవ్ షాపుల్లో ఏది అన్నదానికంటే ముందు ఏ సముద్రం అన్నది తేల్చుకోవలసి వచ్చింది.

విశాఖ రుషికొండలోనూ పుదుచ్చేరిలోనూ డైవింగ్ నేర్పేవారు ఉన్నారు. రెండు ఊళ్లూ మాకు రైలు ప్రయాణంలో అందుబాటులో ఉన్నవే. కర్ణాటకలో మురుడేశ్వర్‌కు ఎదురుగా నేత్రాణి ద్వీపం ఉంది. లక్షద్వీపాలకు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, ఆ కాగితాలు చేతికి వచ్చేదాకా సెలవు ఖాయం చేసుకోవడం ఉద్యోగస్థుడికి కష్టం. చివరికి అండమాన్‌లోని హేవ్‌లాక్ మీద మనసు నిలిచింది. 2018 డిసెంబరులో ఆ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ టికెట్ల మీద తప్ప నోటి మాటలో అది హేవ్‌లాకే. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు, ఆపైన పడవ. భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. అన్నిటికన్నా నన్ను ఆకర్షించిన సంగతి వేరే ఉంది: ఆ ద్వీపంలో రెండో నంబరు బీచి నుంచి ఐదో నంబరు బీచి దాకా సాగే ఒకే రోడ్డు వెంట డైవ్ షాపులు చాలా ఉన్నాయి. ఒకటి నచ్చకపోతే లేచి పక్కదానికి నడిచి వెళ్లవచ్చు. ఒకే షాపు ఉన్న చోట ఆ స్వేచ్ఛ ఉండదు.

కాలం ఎంచుకోవడం మాకు తేలికైంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అక్కడి సముద్రం రేగి ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో అండమాన్ దగ్గర పుట్టిన అల్పపీడనం నాలుగు రోజులకు మన గుమ్మం ముందుకు వానై వస్తుందన్న సంగతి నెల్లూరు జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. కనుక ఫిబ్రవరి అనుకున్నాము. ఫిబ్రవరిలో ఏ వారం అన్నదానికి గోడ మీది తెలుగు క్యాలెండరు పనికివచ్చింది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు, పాటు రెండూ పెద్దవి, అష్టమి ప్రాంతంలో చిన్నవి అన్నది మా తీరంలో చేపలు పట్టే పట్టపు వాళ్లందరికీ తెలిసిన లెక్కే. మా దగ్గర ఆ తేడా అంతగా కనబడదు గానీ అండమాన్‌లో పెద్ద పోటునాడు నీరు సుమారు రెండు మీటర్లు పైకీ కిందికీ కదులుతుంది, అంత నీరు దీవుల మధ్య సందుల్లోంచి పారేటప్పుడు వడి కూడా ఆ మేరకు పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి నీటి వడి తక్కువగా ఉన్న రోజులు మేలు కాబట్టి అష్టమి మధ్యలో పడేటట్టు సెలవు పెట్టాను. మా ఆవిడ మాత్రం, ముహూర్తం చూసుకుని సముద్రంలో దిగే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నది.

ఇక షాపుల సంగతి. వాటి వెబ్‌సైట్లు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి: అవే నీలి నీళ్లు, అదే చారల చేప, బొటనవేలూ చూపుడువేలూ కలిపి 'ఓకే' చూపించే అవే నవ్వు ముఖాలు. వాటిని బట్టి ఎవరు ఎటువంటివారో చెప్పడం అసాధ్యం. అందుకని నేను ఒకే ఉత్తరం రాసి కొన్ని షాపులకు పంపాను. నా వయసు, బీపీకి మాత్ర వేసుకుంటున్నానన్న సంగతి, చిన్నప్పుడు కావలి కాలువలో నేర్చుకున్న ఈత తప్ప సముద్రంలో ఈదిన అలవాటు లేదన్న సంగతి, వెంట వచ్చే బావమరిదికి ముప్ఫై ఐదేళ్లన్న సంగతి, మా ఆవిడకు ఈతే రాదన్న సంగతి అందులో ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఓపెన్ వాటర్ కోర్సు చేయాలని నాకూ బావమరిదికీ ఉద్దేశం. ఆ కోర్సు పూర్తయితే 18 మీటర్ల లోతు దాకా, తోడు డైవరుతో కలిసి దిగే అర్హత వస్తుంది. పర్యాటకులు ఎక్కువగా చేసేది వేరే రకం. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టరు వెనక సిలిండరు పట్టుకుని తిప్పి తీసుకువచ్చే పరిచయ డైవ్ అది. దాని హద్దు 12 మీటర్లు. మా ఆవిడకు అది చాలని ముందే అనుకున్నాము.

జవాబులే నాకు దారి చూపాయి. ఒక షాపు ధరల పట్టిక ఒక్కటే పంపింది, నేను రాసిన ఒక్క మాటకూ సమాధానం లేదు. ఇంకొక షాపువారు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా మాట్లాడి, ఆరోగ్య ఫారంలో అన్ని ప్రశ్నలకూ 'లేదు' అని టిక్ పెట్టేయండి సార్, బీపీ మాత్ర అందరూ వేసుకునేదే, ఎందుకొచ్చిన గొడవ అన్నారు. కోర్సు ముగిశాక ఇచ్చే అర్హత కార్డు చేతికి వచ్చిన మర్నాడే, నీటి అడుగున శిఖరాలు ఉండే డిక్సన్స్ పినకిల్ అనే చోటికి తీసుకువెళతామని కూడా ఆశ పెట్టారు. మూడో షాపు జవాబు ఆలస్యంగా వచ్చింది, పైగా అందులో ధర కంటే ప్రశ్నలే ఎక్కువ. బీపీ మాత్ర పేరేమిటి, మోతాదు ఎంత, ఎప్పటినుంచి? పొగ తాగుతారా? ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా? కళ్లజోడు పవర్ ఎంత? చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా? పడవలో వాంతులు అవుతాయా? చివరగా, తిరుగు విమానం ఏ రోజు, ఎన్ని గంటలకు? ఈ ఆఖరి ప్రశ్న అడిగినవారు అందరిలోకీ వాళ్లు ఒక్కరే. నీటి అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా బయటికి పోకముందే విమానంలో తక్కువ ఒత్తిడిలోకి ఎక్కితే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. వరుసగా డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల ఆరోగ్య సంస్థల సలహా, చాలా షాపులు 24 గంటలు ఆగమంటాయి. బేరం కుదరకముందే ఆ లెక్క వేసిన షాపు నన్ను చివరి రోజు దాకా ఆలోచించిందని నాకు అర్థమైంది.

వాళ్లు పంపిన ఆరోగ్య ఫారాన్ని అంతర్జాతీయ డైవింగ్ వైద్యుల సంఘాలు కలిసి 2020లో కొత్తగా తయారు చేశాయి. నలభై ఐదేళ్లు దాటి, దాంతోపాటు బీపీ, కొలెస్టరాల్, పొగ అలవాటు వంటివి ఉన్నవారు తప్పనిసరిగా డాక్టరు సంతకం తేవాలని అందులో ఉంది. ఆ కాగితం పట్టుకుని ఊళ్లో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని రెండుసార్లు తిరగేసి చూసి, మీరు నీళ్లలో మునగడానికి నా సంతకం ఏమిటయ్యా అని నవ్వి, ఆ తరువాత నవ్వు మానేసి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష రాశారు. చెవి, ముక్కు డాక్టరు దగ్గరికి కూడా పంపారు. మాత్ర వల్ల శ్రమలో గుండె వేగం ఎంతవరకు పెరుగుతున్నదో చూడకుండా సంతకం పెట్టనన్నారు. ఆ పరీక్షలన్నీ అయ్యేసరికి మా బావమరిదికి విసుగు వచ్చింది. "ఏంది బావా, ఫారం నింపేదానికే ఇంత ఇదైతే, ఇంక నీళ్లలోకి దిగేదెప్పుడు?" అన్నాడు. వాడి ఫారంలో అన్నీ నిజంగానే 'లేదు'లు.

ప్రయాణం గురించి చెప్పవలసింది కొంచెమే. కావలి నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి విమానం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి. మర్నాడు పొద్దున హడ్డో జెట్టీ నుంచి ప్రైవేటు పడవలో హేవ్‌లాక్. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరుతాయి, అవి చవక, కానీ టికెట్లు దొరకడం కష్టం. పోర్ట్ బ్లెయిర్‌లో మా ఆటో అతను మేము మాట్లాడుకుంటున్నది విని, తెలుగోళ్లా అండి, మాది సోంపేట, తాతల నాడే వచ్చేశాం అన్నాడు. ఆ ఊళ్లో తెలుగువారు చాలామంది ఉన్నారని వినడమే గానీ దిగీ దిగగానే తెలుగు వినబడితే కలిగే ధైర్యం వేరు. అతను కూడా ఒక డైవ్ షాపు పేరు చెప్పి, తన పేరు చెబితే తగ్గిస్తారన్నాడు. ఆ తరువాత హోటలువారు ఇంకొక పేరు చెప్పారు, పడవలో పక్క సీటాయన మూడో పేరు చెప్పాడు. పర్యాటకుల ఊరిలో ఇది మామూలే. పంపిన మనిషికి షాపు ఎంతో కొంత ముట్టచెబుతుంది. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు గానీ, ఆ సిఫార్సు గాలి సిలిండరు గురించి ఏమీ చెప్పదు.

హేవ్‌లాక్‌లో దిగిన సాయంత్రమే, డబ్బు కట్టకముందు, షాపులను కళ్లారా చూడటానికి రోడ్డు పట్టుకుని నడిచాము. అక్కడ సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే చీకటి పడుతుంది, పడవలు మధ్యాహ్నానికి వచ్చేసి ఉంటాయి, కనుక షాపులో సామాను కడిగి ఆరబెట్టే వేళ అదే. ఏ షాపైనా తన అసలు రూపంలో కనబడేది అప్పుడే. ఒక చోట సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్లు ఇసుకలో పడి ఉన్నాయి, ఒంటికి తొడుక్కునే వెట్‌సూట్లు తడి ముద్దలుగా ఒక తొట్టిలో కుక్కి ఉన్నాయి, కంప్రెసరు గది పక్కనే జనరేటరు పొగ కక్కుతున్నది. సిలిండరులోకి పోయేది ఆ కంప్రెసరు పీల్చుకున్న గాలే. దాని నోటి దగ్గర పొగ ఉంటే, అందులోని కార్బన్ మోనాక్సైడు లోతుకు వెళ్లే కొద్దీ ఒత్తిడితో పాటు ఎక్కువ విషమవుతుంది. మేము ఏమీ అనకుండా నమస్కారం పెట్టి బయటికి వచ్చాము.

ప్రశ్నలు అడిగిన షాపు దానికి కొంత దూరంలో, కొబ్బరి తోట అంచున ఉంది. పైకప్పు పాత రేకులే, రంగు వెలిసిన బోర్డే. చూడటానికి ఏ విధంగానూ గొప్పగా లేదు. కానీ మంచినీటి తొట్టెలు రెండు వేరువేరుగా ఉన్నాయి, ఒకటి రెగ్యులేటర్లకు, ఇంకొకటి మిగతా సామానుకు. సిలిండర్ల భుజం మీద పరీక్ష చేసిన నెల, సంవత్సరం గుద్ది ఉన్నాయి, వాటిని వేలితో తడిమి చూశాను. కంప్రెసరు గోడకు ఒక నోటు పుస్తకం వేలాడుతున్నది. అది ఎన్ని గంటలు నడిచింది, ఫిల్టరు ఎప్పుడు మార్చారు అన్నది తేదీలతో రాసి ఉంది, చేతిరాతలు ఇద్దరు ముగ్గురివి. సిలిండరుకు రెగ్యులేటరు బిగించి నా చేతికిచ్చి, పీల్చి చూడండి అన్నారు. నాలుగైదు సార్లు గట్టిగా పీల్చాను. పొడిగా, చల్లగా ఉంది, నూనె వాసన గానీ రబ్బరు కాలిన వాసన గానీ లేదు. గొంతు మాత్రం కాస్త ఆరిపోయింది. మంచి గాలికి వాసన ఉండకూడదు, నేను చూడవలసింది అదే.

పడవలో ప్రాణవాయువు ఉందా అని అడిగితే, ఉంది అని ఊరుకోకుండా ఆకుపచ్చ పెట్టె తెచ్చి తెరిచి, మీటరులో ముల్లు ఎక్కడుందో చూపించారు. ప్రమాదం జరిగితే ఎక్కడికి తీసుకువెళతారన్న ప్రశ్నకు కూడా తడుముకోలేదు: పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో మళ్లీ ఒత్తిడి పెంచి ఒంట్లో కట్టిన బుడగలకు చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ ఉంది, అక్కడికి చేరేదాకా ప్రాణవాయువు పెట్టి ఉంచాలి, పడవ నడిపే అతనికి కూడా ఆ పెట్టె వాడటం నేర్పించాము అన్నారు. శిక్షణ సంస్థలో ఇన్‌స్ట్రక్టరు సభ్యత్వ సంఖ్య అడగడానికి నాకు మొహమాటం వేసింది గానీ, ఆమే తన కార్డు తీసి ఇచ్చి, మా సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి అన్నది. హేవ్‌లాక్‌లోనే పుట్టి పెరిగిన బెంగాలీ అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉంటాయేమో. మా ఆవిడ నేరుగా ఆ అమ్మాయినే తనకు వచ్చిన హిందీలో అడిగింది: ఈత రాని మనిషిని ఎట్టా దించుతావమ్మా అని. మొదట నడుము లోతులో కూర్చోబెట్టి ఊపిరి పీల్చడం అలవాటు చేస్తాను, మీకు నచ్చకపోతే అక్కడే లేచి వచ్చేయవచ్చు, నచ్చితేనే ముందుకు. ఒక్క మనిషికి ఒక్క ఇన్‌స్ట్రక్టరు అని చెప్పింది. కోర్సుకు నేను విచారించిన షాపులు సుమారు 25,000 నుంచి 35,000 రూపాయల దాకా చెప్పాయి. ఈ షాపు అందులో పై అంచున ఉంది. బేరమాడటం మా రక్తంలోనే ఉంది కనుక మా బావమరిది ఒక మాట అడిగి చూశాడు. తగ్గించలేదు. నాకు అదీ ఒక విధంగా నచ్చింది.

కోర్సులో చదువు భాగం ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ముగించుకుని వెళ్లాము, కాబట్టి అక్కడ నీళ్ల పనే మిగిలింది. మొదట 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీటి మీద తేలి ఉండటం; వేగంతో నిమిత్తం లేదు. తరువాత నిలవ నీటిలో మెళకువలు: మాస్కులోకి నీరు నింపుకుని ముక్కుతో గాలి వదిలి ఖాళీ చేయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటరును వెతికి పట్టుకోవడం, తోడువాడి అదనపు రెగ్యులేటరుతో ఊపిరి పీల్చడం. కావలి కాలువ ఈతకు ఇవేవీ తెలియవు. ముఖ్యంగా ముఖం నిండా నీరున్నప్పుడు నోటితో నెమ్మదిగా పీలుస్తూ ఉండటం మెదడుకు ఎదురు తిరిగే పని. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో లెక్కపెడుతూ ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున మా బావమరిదికి ముక్కు దిబ్బడ వేసింది, పడవ ఏసీలో పట్టిన పడిశం. చెప్పకుండా దాచి దిగుదామనుకున్నాడు గానీ, దిగేముందు ఆమె ప్రతి ఒక్కరినీ ముక్కు మూసి మెల్లగా ఊది రెండు చెవులూ టక్‌మన్నాయా అని అడిగేది. వాడికి ఎడమ చెవి తెరుచుకోలేదు. నీటిలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది, చెవిలోపల గాలి దానికి సరితూగకపోతే కర్ణభేరి చిరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ రోజు మీకు లేదు అని ఒక్క మాట చెప్పి అతన్ని ఒడ్డునే కూర్చోబెట్టింది. రెండు రోజుల తరువాత పడిశం తగ్గాకనే మళ్లీ దింపింది, దానికి అదనంగా రూపాయి తీసుకోలేదు. వాడు పైకి సణిగినా, ఆ తరువాత నాకంటే ఎక్కువగా ఆ షాపును పొగిడేది వాడే.

డైవింగ్ చోట్ల గురించి ఇంటి దగ్గర నేను పెద్ద జాబితానే తయారు చేసుకున్నాను. అక్కడికి వెళ్లాక తెలిసిందేమంటే, ఆ జాబితాలోంచి మనం ఏరుకోవడం అన్నది పేరుకే. ఏ రోజు ఏ చోటు అన్నది నీరు, గాలి, మన కార్డు కలిసి నిర్ణయిస్తాయి. మొదటి డైవ్‌లు రెండో నంబరు బీచికి దగ్గర్లోని నీమో రీఫ్‌లో. ఒడ్డు నుంచే నడిచి దిగే చోటు అది. కానీ తూర్పు వైపు బీచిల్లో పాటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి, కనుక పోటు ఉన్న గంటల్లోనే అక్కడ పని. మా ఆవిడ పరిచయ డైవ్ కూడా అక్కడే అయింది. పైకి వచ్చి, నత్తలా పాకుతూ పోయానని చెబుతూ చాలాసేపు నవ్వుతూనే ఉంది. దాని తరువాత పడవలో లైట్‌హౌస్, అక్వేరియం అనే చోట్లకు వెళ్లాము. రెండూ మెల్లగా వాలే దిబ్బలు, ఐదారు మీటర్ల నుంచి పద్దెనిమిది, ఇరవై దాకా దిగుతాయి, కొత్తవారికి అనువైనవి. లోతు చాలా ఉన్న చోటికీ వాలుగా దిగే చోటికీ తేడా అక్కడ తెలుస్తుంది: వాలుగా ఉంటే కంగారు పడ్డా అడుగు దగ్గర్లోనే ఉంటుంది.

డిక్సన్స్ పినకిల్, జాక్సన్ బార్, జానీస్ గార్జ్ అన్న పేర్లు వినగానే విదేశీ దొరల పేర్లనుకుంటాము గానీ, అవి అండమాన్‌లో స్థిరపడిన కరెన్ తెగ మనుషుల పేర్లు. 1925లో బ్రిటిష్‌వారు అడవి పనుల కోసం బర్మా నుంచి తెచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపరచిన జనం వారు. సముద్రంతో వారి నేర్పు గొప్పది, హేవ్‌లాక్ డైవింగ్‌కు తొలినాళ్లలో ఆ చోట్లను చూపించినది వారేనని అక్కడివారు చెబుతారు. జానీస్ గార్జ్‌లో సొరచేపలు, జాక్సన్ బార్‌లో టేకు చేపలు (స్టింగ్ రేలు) కనబడతాయని నేను చదివి ఉన్నాను, ఆశ పడకుండా ఎలా ఉంటాను? కార్డు వచ్చిన రోజు డిక్సన్స్‌కు తీసుకువెళతారా అని అడిగాను. ఆమె జవాబు సూటిగా ఉంది: ఆ శిఖరాల తలలు మొదలయ్యేదే సుమారు పదహారు, పద్దెనిమిది మీటర్ల దగ్గర, మీ కార్డు ముగిసేది కూడా అక్కడే, చూడవలసినదంతా దాని కింద ఉంటుంది, పైగా అక్కడ నీటి వడి ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేము. అక్కడి నుంచి 30 మీటర్ల దాకా దిగాలంటే అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి రావాలి. అంతకుముందు ఫోన్‌లో డిక్సన్స్ ఆశ పెట్టిన షాపు గుర్తుకు వచ్చింది.

దానికి బదులుగా ఆమె చూపిన చోటు, జెట్టీకి దగ్గర్లో ఉన్న 'ద వాల్'. ఎనిమిది, పది మీటర్ల దగ్గర మొదలై, యాభై మీటర్ల పైచిలుకు లోతుకు నిట్టనిలువుగా దిగే రాతి గోడ అది. లోతు ఎంత ఉన్నా మనం గోడ పక్కన మనకు తగిన ఎత్తులో తేలుతూ పోవచ్చు కనుక, ఒకే ఎత్తులో తేలే పట్టు అబ్బితే 18 మీటర్ల కార్డు ఉన్నవారిని కూడా తీసుకువెళతారు. పడవ మీద ఆమె 16 మీటర్లు దాటవద్దని మా ఇద్దరికీ వేలు చూపించి మరీ చెప్పింది. గోడకు ఎడమ భుజం పెట్టి పోతుంటే కింద నీలం చిక్కబడి నల్లగా ఉంది. రాతి చూరు కింద ఒక లయన్ ఫిష్ రెక్కలన్నీ విప్పుకుని కదలకుండా వేలాడుతున్నది. పక్కన ఏదో విసనకర్రలా ఉన్న పగడం, బూడిద రంగులో, పెద్ద ఆకర్షణ లేకుండా ఉంది. ఆమె టార్చి వెలిగించి దాని మీద వేసింది. అది కుంకుమ ఎరుపు. నీరు మొదట మింగేసేది ఎరుపు రంగునే అని పుస్తకంలో చదివాను, టార్చి తీసెయ్యగానే మళ్లీ బూడిదయ్యేసరికి ఆ పాఠం అర్థమైంది. సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూపే నా మీటరులో ముల్లు 200 నుంచి 100కు వచ్చిందని చెయ్యి చూపగానే ఆమె వెనక్కి తిప్పింది. ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగి, 50 పైనే మిగిలి ఉండగా పైకి వచ్చాము. గోడ నుంచి వెనక్కి తిరగడానికి నాకు మనసొప్పలేదు గానీ లెక్క అంటే లెక్కే.

అన్ని పగడాలూ అలా రంగుల్లో లేవు. లోతు తక్కువ చోట్ల బూడిద రంగు ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. 2010లోనూ మళ్లీ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోయిన కాలంలో చచ్చినవి అందులో చాలా ఉన్నాయని చెప్పారు. ఆ ముక్కల మీద నాణెం అంత వెడల్పున కొత్త పగడం అక్కడక్కడ మొలుస్తున్నది, చేతితో తాకితే చాలు అది పోతుంది. అందుకని మా షాపులో మొదటి పాఠమే, చేతులు కట్టుకుని ఉండండి అన్నది. పక్కనే ఇంకొక షాపు మనిషి చేపలు గుమిగూడి ఫోటోలో బాగా పడాలని నీళ్లలో బ్రెడ్డు ముక్కలు చల్లడం కూడా నేను చూశాను. పగడం ముక్క చచ్చినదైనా సరే బ్యాగులో వేసుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుబడితే చిక్కులు తప్పవు.

చివరి డైవ్‌ను విమానానికి ముందటి రోజు పొద్దునకు పెట్టాలని మా బావమరిది పట్టుబట్టాడు, లెక్క ప్రకారం 18 గంటలు దాటుతాయి కదా అని. షాపు వినలేదు. ఆ రోజంతా నీటికి దూరంగా ఉండమని ముందే రాసిచ్చిన ప్రణాళికలో ఉంది, దాని ప్రకారమే పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చి సెల్యులార్ జైలు చూసి, సాయంత్రం చిడియా టాపూ పోయి వచ్చాము.

ఇప్పుడు అడ్వాన్స్‌డ్ కోర్సు కోసం అదే షాపుకు రాశాను. అడిగిన ప్రశ్నలు మళ్లీ వచ్చాయి: చివరి డైవ్ ఎప్పుడు, ఆ తరువాత ఈత సాధన ఉందా, మందుల్లో ఏమైనా మార్పు ఉందా. ఏడాది దాటితే డాక్టరు సంతకం చెల్లదు కనుక కొత్తది తెమ్మన్నారు. ఈలోగా నా బీపీ మాత్ర మోతాదు మారింది. ముందు డాక్టరు గారి దగ్గరికి వెళ్లి రావాలి, విమానం టికెట్లు ఆ తరువాతే.